బోటు చుట్టూ నీళ్ల మీద ఆయిల్ తెట్టు కడుతోంది, సర్ఫ్ నీళ్లు పోయొచ్చా?

సర్ఫ్ మాత్రం వద్దండి. భవానీ ద్వీపం వైపు సరదాగా తిరగడానికి ఫ్రెండ్స్ కలిసి టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ (వెనక బయట తగిలించే ఇంజిన్) బోటు కొన్నామని, కట్టేసిన చోట నీళ్ల మీద రంగురంగుల తెట్టు కనిపిస్తోందని రాశారు. సబ్బు నీళ్లు పోస్తే ఆ తెట్టు కంటికి కనపడదు, అంతే. ఆయిల్ సన్నటి బొట్లుగా విడిపోయి నీళ్లలో కలిసిపోతుంది. తేలుతున్నంతసేపూ ఎత్తి తీసేయొచ్చు, కలిశాక ఎవరివల్లా కాదు. పైగా ప్రకాశం బ్యారేజీ ఎగువన వరద రోజులు వదిలేస్తే నీళ్లు పెద్దగా కదలవు. బెజవాడ కుళాయిల్లోకి, కాలువల మీదుగా డెల్టా ఊళ్ల మంచినీళ్ల చెరువుల్లోకి వెళ్లేవి ఆ నీళ్లే.

కృష్ణ ఒడ్డున బోట్ల ఇంజిన్ పనులు చేసినవాణ్ని. నేను చూసినంతలో ఎక్కువ ఆయిల్ నదిలోకి పోయేది యాక్సిడెంట్లలో కాదు, పెట్రోలు పోసేటప్పుడు. ఊగే బోటులో క్యాన్ ఎత్తి పోస్తే ఒలక్కుండా ఎలా ఉంటుంది? మీది విడి ట్యాంకు అయితే ఒడ్డు మీదికి తెచ్చి, కింద రేకు ట్రే పెట్టి, గరాటుతో పోయండి. అంచు దాకా నింపొద్దు. బంకులో భూమిలోపలి ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు చల్లగా ఉంటుంది. దాన్ని మన మే నెల ఎండలో పెడితే ఉబ్బుతుంది. 10 డిగ్రీలు వేడెక్కితే 25 లీటర్లకు దాదాపు పావు లీటరు పెరిగి, గాలి రంధ్రంలోంచి బయటికొస్తుంది. పదో వంతు ఖాళీ ఉంచితే చాలు.

ఇంజిన్‌కి బలం అని పెట్రోల్లో టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) ఎక్కువ కలిపేవాళ్లున్నారు. బలం లేదు, పొగ తప్ప. మాన్యువల్‌లో 50:1 అని ఉంటే లీటరుకి 20 మిల్లీలీటర్లే. పాత కార్బురేటర్ టూ స్ట్రోక్ ఎలాగూ పెట్రోల్లో కొంత కాలకుండానే నీళ్లలోకి వదిలేస్తుంది, అది దాని గుణం. వీలైనప్పుడు ఫోర్ స్ట్రోక్‌కి మారండి.

ఇక బోటు అడుగున చేరే నీళ్లు. కారిన ఆయిలంతా అక్కడే చేరుతుంది. పంపు వేసి మొత్తం తోడేస్తే అదంతా నదిలోకే. ఆయిల్ పైన తేలుతుంది, పంపు అడుగు నుంచి లాగుతుంది. కాబట్టి నీళ్లు కొంచెం మిగిలుండగానే ఆపి, పైన ఉన్నది అద్ది తీయండి. మెకానిక్ షాపుల్లో వాడే బనియన్ వేస్ట్ నీళ్లు కూడా పీల్చేస్తుంది, దీనికి పనికిరాదు. ఆయిల్‌ని మాత్రమే పీల్చే పాలీప్రొపిలీన్ ప్యాడ్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. బూరుగు దూది కూడా బాగా పనిచేస్తుంది, నీళ్లను దగ్గరికి రానివ్వదు. ఇంట్లో పాత దిండు ఉంటే అమ్మగారిని అడిగే తీసుకోండి! సన్నటి వలగుడ్డలో మూటకట్టి పంపు మూతికి అడ్డం రాకుండా తాడుతో కట్టండి. అదే పంపు బోటు మునగకుండా కాపాడేది కూడా, దూది ఇరుక్కుంటే ప్రమాదం. తడిసిన దూది, తీసిన పాత ఆయిల్ ఒడ్డున పారేయొద్దు. వాడిన ఆయిల్ చట్టప్రకారం ప్రమాదకర వ్యర్థం. ఆటోనగర్‌లో ఇచ్చేముందు, తీసుకునేవాళ్లకి పొల్యూషన్ బోర్డు అనుమతి ఉందో లేదో కనుక్కోండి.

పెట్రోలు పైపులు, క్లాంపులు కూడా చూసుకోండి. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు దానికి తట్టుకోదు.

ఇంజిన్ ఆపి చాలాసేపైనా తెట్టు వస్తూనే ఉంటే నా అనుమానం కింది గేర్ బాక్స్ మీద. నీళ్లలో తిరిగే ఫ్యాన్ (ప్రొపెల్లర్) విప్పి చూడండి, షాఫ్ట్‌కి వల దారం చుట్టుకుని ఉంటుంది. మన నదిలో తెగిన నైలాన్ వలలకు కొదవలేదు, అది ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీల్‌ని కోసేస్తుంది. గేర్ ఆయిల్ తీస్తే పాలలా తెల్లగా వచ్చిందంటే లోపలికి నీళ్లు పోతున్నట్టే, అంటే లోపలి ఆయిల్ బయటికీ వస్తోంది. సీల్ మార్చేదాకా బోటు నీళ్లలో ఉంచకండి. ఆయిల్ ఏ రంగులో వచ్చిందో, ఇంజిన్ ఏ మోడలో రాస్తే ఏ సీల్ కొనాలో చెప్తాను.