కుక్కపిల్ల వచ్చిన తొమ్మిదో రాత్రి

ప్రశ్న: ‘రెండు నెలల కుక్కపిల్లను తెచ్చుకుని ఆరు రోజులైంది. ఎన్నో ఏళ్లుగా కోరుకున్నదే. కానీ రోజూ ఏడుపొస్తోంది, తిండి సహించడం లేదు, దాన్ని చూస్తే భయమేస్తోంది. తప్పు చేశానా? నాకేమైనా అయిందా?’

మీకేమీ కాలేదు. నిద్ర లేదు, అంతే. తేలిగ్గా తీసిపారేస్తున్నానని అనుకోకండి. రెండేళ్ల కిందట ఇదే ప్రశ్నను నేను రాత్రి మూడింటికి ఫోన్‌లో వెతికాను. దొరికిన జవాబులన్నీ ‘ఓపిక పట్టండి, ప్రేమగా చూసుకోండి’ అనేవే. ప్రేమ సంగతి తర్వాత చూద్దాం, ముందు మా తొమ్మిదో రాత్రి గురించి చెప్తాను.

మా బంటి వచ్చినప్పుడు దానికి ఎనిమిది వారాలు. మొదటి రెండు రోజులు ఇంట్లో ఒకటే సంబరం. మూడో రోజు నుంచి డ్యూటీ మొదలైంది. రాత్రి పదకొండుకు ఒకసారి, ఒంటిగంటకు, మూడింటికి, మళ్లీ అయిదింటికి. ప్రతిసారీ లేచి, ఎత్తుకుని ఇంటి వెనక ఖాళీలోకి తీసుకెళ్లి, చీకట్లో నిలబడి ‘పోసెయ్ నాయనా’ అని బతిమాలడం. అది నా చెప్పులు వాసన చూసేది, గడ్డి పీకేది, ఎగిరే పురుగు వెంట పడేది. సరేలే అని లోపలికి తెచ్చి దింపితే, రెండడుగులు వేసి అక్కడ పోసేది. పగ పట్టిందేమో అని నిజంగానే అనుకున్నాను.

తొమ్మిదో రాత్రి ఆ పని నా పరుపు మీద జరిగింది. తప్పు నాదే. ఏడుస్తోందని జాలిపడి పక్కన పడుకోబెట్టుకున్నాను. తడిసిన దుప్పటి తీసి ఇంకోటి పరుస్తుంటే, దాని కొస నోట కరుచుకుని లాగడం మొదలుపెట్టింది. విడిపించబోతే చెయ్యి కొరికింది. పాలపళ్లు ఇరవై ఎనిమిదీ సూదులే. ‘ఛీ, పో!’ అని అరిచాను. అంత గట్టిగా నేను మనుషుల మీద కూడా ఎప్పుడూ అరవలేదు. అది చెవులు వెనక్కి వంచి మంచం కిందికి దూరింది. నేను బాత్రూంలోకి పోయి తలుపేసుకుని, నేల మీద కూర్చుని ఏడ్చాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. అయినా కుళాయి తిప్పి మరీ ఏడ్చాను, దానికి వినిపించకూడదని.

అక్కడే కూర్చుని, దాన్ని మాకిచ్చినాయనకు మెసేజ్ టైప్ చేశాను. ‘క్షమించండి, నావల్ల కావడం లేదు. రేపు తెచ్చి ఇచ్చేస్తాను.’ మూడుసార్లు చదువుకున్నాను. చెరిపేసి మళ్లీ రాశాను. ఈసారి నాకు ఎలర్జీ వచ్చిందని ఒక అబద్ధం కూడా చేర్చాను. పంపేలోపు ఛార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయింది. ఛార్జర్ కోసం వెతికితే మంచం కింద దొరికింది, వైరు రెండు ముక్కలై. ప్లగ్గు తీసి ఉంది కాబట్టి సరిపోయింది.

పొద్దున్నే మా అక్క వచ్చింది. కుక్కపిల్లను చూడాలని వచ్చిన మనిషి, నా మొహం చూసి దాని ఊసే ఎత్తలేదు. ‘నువ్వెళ్లి పడుకో, నేను చూసుకుంటా’ అంది. ఏవో జాగ్రత్తలు చెప్పబోతే ‘ముగ్గురిని పెంచానే నేను, వెళ్లు’ అంది. నాలుగు గంటలు ఒళ్లు తెలియకుండా పడుకున్నాను. లేచి వచ్చేసరికి అక్క పేపర్ చదువుకుంటోంది. మూలనున్న అట్టపెట్టెలో బంటి వెల్లకిలా పడి నిద్రపోతోంది. నా దగ్గర పగటిపూట అరగంట కూడా కుదురుగా పడుకోని జీవి అది.

‘ఏం చేశావక్కా?’ అన్నాను.

‘ఏం చేయలేదు. గోల ఎక్కువైతే నిద్రొస్తోందని అర్థం. కర్టెన్లు వేసి ఊరుకున్నా.’

నేను అన్ని రోజులూ వెతికిన జవాబు ఈ ఒక్క ముక్కే. ఆ వయసు పిల్ల రోజుకు పద్ధెనిమిది నుంచి ఇరవై గంటలు పడుకోవాలి. మాదానికి అందులో సగం కూడా దక్కుతున్నట్టు లేదు. అది కళ్లు తెరవడం ఆలస్యం, నేను ఆడించడానికి తయారు. చిన్నపిల్లలు నిద్ర ముంచుకొచ్చి పేచీ పెట్టినట్టే, ఇవి కొరుకుతాయి, గదంతా పిచ్చిగా పరుగులు తీస్తాయి. నేను దాన్ని అల్లరి అనుకుని, అలిసిపోతే పడుకుంటుందని ఇంకా ఆడించేదాన్ని. ఇద్దరం నిద్రలేక ఒకరినొకరం పీక్కుతింటున్నామన్నమాట.

ఆ రోజు నుంచి గంట మెలకువ, రెండు గంటలు నిద్ర. ఆడినా ఆడకపోయినా గంట కాగానే దాని చోట్లో పడుకోబెట్టి వెలుతురు తగ్గించేదాన్ని. రాత్రుళ్లు దాని పెట్టె నా మంచం పక్కనే, చెయ్యి కిందికి వేలాడేస్తే తగిలేంత దూరంలో. అప్పటిదాకా తల్లినీ తోబుట్టువులనీ ఒరుసుకుని పడుకున్నది, ఒంటరిగా ఇంకో గదిలో పెడితే ఏడవక ఏం చేస్తుంది? రెండు నెలల పిల్ల మెలకువగా ఉన్నప్పుడు ఉచ్చ ఆపుకోగలిగేది మహా అయితే రెండు గంటలు. అందుకే అది ఏడ్చి లేపేదాకా ఆగకుండా అలారం పెట్టుకుని నేనే ముందు లేచేదాన్ని. లేవడం ఎలాగూ తప్పదు గానీ, అలారానికి లేవడం వేరు, ఏడుపుకి గుండె దడదడలాడుతూ లేవడం వేరు. నేల తుడవడానికి ఎంజైమ్‌లు ఉండే క్లీనర్ వాడండి. మామూలు ఫినాయిల్‌తో తుడిస్తే వాసన మన ముక్కుకు పోతుంది, దాని ముక్కుకు పోదు. మళ్లీ వచ్చి అక్కడే పోస్తుంది.

ఇక సలహాలిచ్చే జనం. ‘టీకాలు పూర్తయ్యేదాకా గడప దాటించొద్దు’ అని ఒకరు, ‘ఇప్పుడే నలుగురికీ అలవాటు చెయ్యకపోతే పెద్దయ్యాక పిరికిదవుతుంది’ అని ఇంకొకరు. తమాషా ఏంటంటే రెండూ నిజమే. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో లాంటి వైరస్ జబ్బుల టీకాల చివరి డోసు పదహారు వారాల వయసు దగ్గర పడుతుంది, కొత్తవాటికి భయపడకుండా అలవాటుపడే వయసేమో పద్నాలుగు వారాలకే దాదాపు ముగుస్తుంది. కింద దింపకుండా ఎత్తుకుని బయట తిప్పితే రెండూ కుదురుతాయి. ఈ చిన్న ముక్క ఒక్కరూ చెప్పరు. ‘కుక్కపిల్లకే ఇంత హైరానా అయితే రేపు పిల్లలు పుడితే ఏం చేస్తావ్’ అనేవాళ్లకు మాత్రం కొదవ లేదు. వీళ్లంతా రాత్రి తొమ్మిదింటికి వచ్చి, నిద్రపోయేదాన్ని లేపి, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. అందుకే చెప్తున్నా, కుక్కపిల్లను చూడ్డానికి వస్తామనేవాళ్లను నెల తర్వాత రమ్మనండి. రెండు గంటలు చూసుకుంటామనేవాళ్లను మాత్రం ఇవాళే పిలవండి.

ఈ దిగులుకు ‘పప్పీ బ్లూస్’ అని పేరు కూడా ఉంది. 2024లో హెల్సింకీ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళే తయారుచేశారు. అందులో మూడు పాయలు గుర్తించారు: చిరాకు, ఆందోళన, అలసట. నన్నడిగితే అలసటే అసలుది, మిగతా రెండూ దానికి పుట్టిన పిల్లలు. వాళ్లు ఒప్పుకోకపోవచ్చు, వాళ్లెవరూ మా బాత్రూంలో కూర్చోలేదు కదా.

ప్రేమ ఎప్పుడొచ్చిందంటారా? రీల్స్‌లో చూపించినట్టు మొదటి చూపులో మాత్రం కాదు. నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం పనిలో పడి, గంటన్నరగా దాన్ని పట్టించుకోలేదని గమనించాను. అదీ నన్ను పట్టించుకోలేదు. కిటికీ దగ్గర ఎండలో పడుకుని తన కాలు తనే నాక్కుంటోంది. ఆ గంటన్నర ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ప్రేమ ఆ చుట్టుపక్కల ఎక్కడో వచ్చి ఉంటుంది. అక్క వచ్చి వెళ్లాక ఏడుపులన్నీ మాయమయ్యాయని కూడా అనను. పన్నెండో రోజు మళ్లీ ఏడ్చాను, ఈసారి కుళాయి తిప్పకుండా.

తిరిగి ఇచ్చేయాలా వద్దా అన్నది రాత్రిపూట మాత్రం తేల్చకండి. వరసగా రెండు రాత్రులు సరిగ్గా పడుకున్నాక కూడా ఇచ్చేయాలనే అనిపిస్తే ఇచ్చేయండి, అదేమీ నేరం కాదు. బాగా చూసుకునే ఇల్లు దొరకడం పిల్లప్పుడే తేలిక. కానీ నిద్ర దొరికాక కూడా తిండి సహించకపోతే, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది కుక్కపిల్లతో తేలే విషయం కాదు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

వైర్లు మాత్రం ఇప్పుడే లేచి పైన పెట్టుకోండి. నాకంటే కలిసొచ్చింది గానీ, ప్లగ్గు ప్రతిసారీ తీసి ఉండదు.