చవక బీరు కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. శనివారం మీ అపార్ట్‌మెంట్‌కి పదిహేను మంది వస్తున్నారనీ, చవకలో ఏ బీరు కొంటే పరువు దక్కుతుందో చెప్పమనీ అడిగావు. చివర్లో "అమెరికా బీర్లన్నీ నీళ్లే కదా మామయ్యా, ఏదైతే ఏంటి" అన్నావు. ఆ మాట నేను ఒప్పుకోను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మనవాళ్లు ఇక్కడికొచ్చి మొదటి క్యాను తాగగానే అనేది ఇదే. ఊళ్లో వైన్స్ షాపువాడు "లైటా, స్ట్రాంగా" అని అడిగితే స్ట్రాంగే అని చెప్పి వచ్చినవాళ్లం. ఆ నాలుకకి 4.2 శాతం ఆల్కహాల్ ఉన్న బడ్ లైట్ నీళ్లలాగే ఉంటుంది. 1994లో మిజోరీకి చదువుకి వచ్చిన కొత్తలో నేనూ అలాగే అన్నాను. తర్వాత సెయింట్ లూయిస్‌లో బడ్వైజర్ తయారుచేసే చోటు చూడ్డానికి వెళ్లాను. కంపెనీ ప్రచారానికి పెంచే పెద్ద పెద్ద గుర్రాలను చూద్దామని వెళ్లినవాణ్ని, బీరు గురించి ఆలోచిస్తూ తిరిగొచ్చాను.

అమెరికా బీరు పలచగా ఉండటం చేతకాక కాదురా, కావాలని చేసిన పని. ఆ రోజుల్లో ఇక్కడ ఎక్కువగా పండిన ఆరు వరసల బార్లీలో ప్రోటీన్ ఎక్కువ. అదొక్కటే వేస్తే బీరు మబ్బుగా, బరువుగా వస్తుంది. అందుకని 19వ శతాబ్దంలో ఇక్కడ స్థిరపడిన జర్మన్లు అందులో బియ్యమో మొక్కజొన్నో కలపడం మొదలుపెట్టారు. 1876లో మొదలైన బడ్వైజర్‌లో పడేది మన బియ్యమే. మిల్లర్, కూర్స్ కంపెనీలది మొక్కజొన్న దారి. లైట్ బీరులో అయితే ఈస్ట్, అంటే బీరుని పులియబెట్టే సూక్ష్మజీవి, తినలేని పిండిపదార్థాన్ని కూడా ఎంజైములతో విరగ్గొట్టి పులియబెడతారు. ఇక తీపి ఏం మిగులుతుంది? 1975లో మిల్లర్ లైట్ దేశమంతా దొరకడం మొదలయ్యాక మిగతావాళ్లూ అదే బాట పట్టారు.

అయితే పలచటి బీరులో తప్పు దాగదు. పప్పులో ఉప్పు కాస్త ఎక్కువైనా అన్నంలో కలిసిపోతుంది, చారులో అయితే మొదటి గుక్కకే తెలిసిపోతుంది. అందుకని పలచగా ఉందని ఏ బీరునీ తిట్టకు. అందులో తప్పుందా లేదా అనేదే చూడు.

ఎలా చూడాలంటే, క్యాను నుంచి తాగకుండా గ్లాసులో పోసుకో. చల్లదనం కొద్దిగా తగ్గనిచ్చి వాసన చూడు. పచ్చి ఆపిల్ వాసన వస్తే పులియడం పూర్తవకుండానే తొందరపడి దించేశారన్నమాట. మొక్కజొన్న కంకులు ఉడుకుతున్న వాసన మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, నుంచి వస్తుంది, సరిగ్గా మరిగిస్తే చాలావరకు ఆవిరైపోతుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే పాతబడిన సరుకు. ఇక ఆకుపచ్చ సీసాకో రంగులేని సీసాకో ఎండ తగిలితే చేదు కోసం వేసే హాప్స్ పువ్వుల సారం పాడై, ఇక్కడి స్కంక్ అనే జంతువు వదిలే కంపు కొడుతుంది. దానికి కొన్ని నిమిషాల ఎండ చాలు. పొద్దున్న కల్లుకీ సాయంత్రం కల్లుకీ తేడా తెలిసిన ఇంటివాడివి, నీకిది పెద్ద కష్టం కాదు.

నన్నడిగితే అన్నిటికన్నా చెడ్డవి నీళ్లలాంటి బీర్లు కావు. "ఐస్" అని పేరున్నవీ, మాల్ట్ లికర్ అని అమ్మే ఘాటు బీర్లూ. నాచురల్ ఐస్‌లో ఆల్కహాల్ 5.9 శాతం, స్టీల్ రిజర్వ్ అనే మాల్ట్ లికర్‌లో 8.1 శాతం. తక్కువ డబ్బుకి ఎక్కువ మత్తు, వాటి లెక్క అంతే. నా నాలుకకి వెగటు తీపి, వెనకాల స్పిరిట్ మంట. మన కుర్రాళ్లు శాతం చూసి మురిసిపోయి కొనేదీ వాటినే. పొడుగు క్యాను, అంటే 24 ఔన్సులది (దాదాపు 700 మి.లీ.), 8.1 శాతంతో ఉంటే మామూలు బీర్లు మూడింటికి పైనే. మా రూమ్మేట్ ఒకడు అలాంటివి రెండు తాగి "రెండే కదా" అని కారెక్కాడు. ఆ రాత్రి పోలీస్ స్టేషన్‌కి వెళ్లి వాణ్ని తీసుకొచ్చింది నేనే. ఇప్పుడైతే పరిస్థితి ఇంకా కఠినం. తాగి నడిపి అరెస్టయితే చాలు, కోర్టులో తేలకముందే విదేశాంగ శాఖ నీ వీసా రద్దు చేయగలదు. వచ్చేవాళ్లలో బండి నడపాల్సినవాడికి ఒక్క క్యాను కూడా ఇవ్వకు. 21 నిండనివాళ్లకీ అంతే, బతిమాలినా సరే.

ఆ తర్వాత నేను కొననివి నాచురల్ లైట్, కీస్టోన్ లైట్, కాలేజీ పిల్లలు "ది బీస్ట్" అని పిలిచే మిల్వాకీస్ బెస్ట్. తాగలేనంత చెడ్డవని అనను. తాగాక ఏం తాగామో గుర్తుండదు, అదే నా అభ్యంతరం.

ష్లిట్జ్ సంగతి నీకు తప్పకుండా చెప్పాలి. 1950ల్లో అమెరికాలో ఎక్కువగా అమ్ముడైన బీర్లలో అది మొదటి వరసలోది. దాని సొంతూరు మిల్వాకీ, "మిల్వాకీకి పేరు తెచ్చిన బీరు" అని గర్వంగా చెప్పుకునేవాళ్లు. 1970ల్లో ఖర్చు తగ్గించాలని పులియబెట్టే సమయం కుదించారు, చవకరకం మొక్కజొన్న సిరప్ పోశారు. 1976లో కలిపిన పదార్థాలు ఒకదానికొకటి పడక బీరులో తెల్లటి పొరలు తేలాయి. సరుకు వెనక్కి తెప్పించాల్సి వచ్చింది. 1981లో మిల్వాకీ ఫ్యాక్టరీ మూతపడింది, మరుసటి ఏడాది కంపెనీనే వేరేవాళ్లు కొనేశారు. చవకగా చేయడం తప్పు కాదు. తాగేవాడికి తెలియదులే అనుకోవడం తప్పు.

ఇక శనివారం సంగతి. మిల్లర్ హై లైఫ్ గానీ కూర్స్ బ్యాంక్వెట్ గానీ తీసుకో. రెండిటికీ కాస్త మాల్ట్ రుచి ఉంటుంది, జేబుకి భారం కాదు. అంత కూడా పెట్టలేకపోతే బుష్ లైట్ చాలు, పలచనే అయినా శుభ్రమైన బీరు. క్యాన్లే కొను. పెట్టె మీద తేదీ చూడు. కిటికీ పక్కన ఎండలో పేర్చినవి వద్దు. కోడి వేపుడుతోనో మిర్చి బజ్జీతోనో అయితే ఈ పలచటి బీరే బాగుంటుంది, కారానికి గొంతు చల్లబడుతుంది. తాగనివాళ్లకి సోడా, నిమ్మకాయలు మర్చిపోకు.

ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించినా నాకేం అభ్యంతరం లేదు. అందరూ వెళ్లాక రెండు రకాలు మిగిలితే పక్కపక్కన గ్లాసుల్లో పోసి వాసన చూడు. దేంట్లో ఏ వాసన తగిలిందో ఆదివారం ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు
మీ మామయ్య