కొత్త కారు తీగల మీద కత్తెర పడనీయకు

చిరంజీవి మేనల్లునికి నల్లగొండ నుండి మామయ్య ఆశీస్సులు.

నీ సంపాదనతో కారు కొన్నావని అక్క ఫోన్‌లో చెప్పినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. కానీ ఆదివారం ఆటోనగర్‌లో పెద్ద అల్లాయ్ చక్రాలు, ఎక్కువ వెలుగిచ్చే హెడ్‌లైట్లు వేయిస్తావని కూడా చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుండి మనసు నిలవక ఈ ఉత్తరం రాస్తున్నాను.

సీటు కవర్లు, మ్యాట్లు నీ ఇష్టం. చక్రాలు మాత్రం ఆ మోడల్‌కు కంపెనీ చెప్పిన కొలత దాటితే, రేపు సస్పెన్షన్ దెబ్బతిన్నప్పుడు వారంటీ అడగడం కష్టం. ముందు బంపరుకు ఇనుప గార్డు వద్దే వద్దు. దాన్ని 2017లోనే కేంద్రం నిషేధించింది.

ఇక లైట్ల సంగతి. నా మొదటి కారుకు ఏడాది కూడా నిండకముందే, మిర్యాలగూడ రోడ్డు మీద వెనుక లైటు లేని వడ్ల ట్రాక్టర్లకు భయపడి, 60 వాట్ల బల్బులు తీయించి 100 వాట్లవి పెట్టించాను. మొదటిది 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు తీసుకుంటే, రెండోది 8కి పైగా లాగుతుంది. అంత కరెంటుకు, స్విచ్చు మీద భారం పడకుండా తానే మోసే రిలే పెట్టి, బ్యాటరీ నుండి వేరే లావు తీగ లాగాలి. మెకానిక్ అవసరం లేదన్నాడు, నేను తలూపాను. పైగా ఫాగ్ ల్యాంపుల కోసం కంపెనీ తీగను కోసి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టాడు. ఒక రాత్రి వేములపల్లి దాటాక ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చి రెండు లైట్లూ ఒక్కసారిగా ఆరిపోయాయి. వెనుక సీట్లో అత్తయ్య, నాలుగేళ్ళ పాప నిద్రలో ఉన్నారు. వచ్చే లారీలకు మేము కనబడాలని ఫోన్ లైటు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాను. ఆ గంటసేపు నా చేతుల వణుకు ఇప్పటికీ గుర్తుంది.

సర్వీసు సెంటరులో కరిగి బల్బుకు అతుక్కుపోయిన కప్లర్‌ను (తీగలను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గును), ఆ టేపును చూపించి వైరింగ్‌కు వారంటీ లేదన్నారు. అది న్యాయమే, డబ్బు కట్టాను. అయితే నూనె కారుతున్న వెనుక షాక్ అబ్సార్బర్‌కు కూడా లేదంటే ఒప్పుకోలేదు. వారంటీ పుస్తకంలో మినహాయింపు ఆ మార్పు వల్ల జరిగిన నష్టానికే రాసి ఉంది. లైట్ల తీగకూ షాక్ అబ్సార్బర్‌కూ ఉన్న సంబంధమేమిటో కాగితం మీద రాసివ్వమని పట్టుబట్టాను. మూడో రోజున ఉచితంగా మార్చారు. ఎవరైనా బండి మొత్తానికి వారంటీ పోయిందంటే నువ్వూ అదే అడుగు.

ఈసీయూ రీమ్యాప్, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో ప్రోగ్రాము మార్పు, చేయిస్తే మాత్రం ఇంజిన్ వారంటీ మీద ఆశ పెట్టుకోకు. ఏ మార్పు చేయించినా ఇన్సూరెన్సు వారికి రాతపూర్వకంగా చెప్పు. లైట్లు కావాలంటే కంపెనీ యాక్సెసరీలే, కప్లర్‌కు కప్లర్ కలిసేవి, డీలరు దగ్గరే బిగించుకుని, తేదీ, కిలోమీటర్లు వేయించిన బిల్లు దాచుకో.

ఆదివారం ఆటోనగర్ మానుకుని ఇక్కడికి రా. వారంటీ పుస్తకం కూడా తెచ్చుకో, పక్కన కూర్చుని చదువుదాం. అత్తయ్య మక్క గారెలు చేస్తానంటున్నది. పగటిపూటే బయలుదేరు, నాయనా.

ఇట్లు,
మీ మామయ్య