‘స్మాల్‌గుడ్స్’ అంటే చిల్లర సరుకులా?

సందేహం: మేము మెల్‌బోర్న్‌లో ఉంటున్నాము. మాంసం దుకాణం బోర్డు మీద ‘స్మాల్‌గుడ్స్’ అన్న మాటకు మా అమ్మగారు అర్థమడిగితే ‘చిల్లర సరుకులు’ అని చెప్పాను. అది సరైనదేనా? మన ‘ఉప్పుకండ’ అనవచ్చునా?

సమాధానం: ‘చిల్లర సరుకులు’ అనడం పొరపాటే. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ ఇంగ్లీషులో హామ్, బేకన్, సలామీ, సాసేజ్ వంటివాటిని, అంటే ఉప్పు పట్టించో, పొగబెట్టో, ఖీమాకొట్టి తొడుగులో కూరో తయారుచేసిన మాంసాలను కలిపి స్మాల్‌గుడ్స్ అంటారు. తోటకూరను ‘తోటలోని కూర’ అని విడదీసి చెబితే ఏ ఆకో తెలియనట్టే, ఈ మాటను విడదీసినా అసలు అర్థం చేజారుతుంది.

ఇక ఉప్పుకండ. రాయలసీమవారు ఉప్పుకండ అనేదాన్నే తెలంగాణలో ఒట్టితునకలు అంటారు. కండ అంటే మాంసం. ‘ఒట్టి’కి ఇక్కడ ‘ఎండిన’ అని అర్థం. వట్టిగడ్డి, వట్టిపోయిన ఆవు అన్నప్పుడు వినిపించేదీ ఈ మాటే. మీ పోలికలో ఎంతో సబబు ఉంది. సాసేజ్ అన్న పదానికి మూలం ‘ఉప్పు వేసిన’ అనే అర్థమున్న లాటిన్ మాట, సలామీకి మూలం ఇటాలియన్‌లో ఉప్పును చెప్పే ‘సాలె’. మాంసాన్ని ఉప్పుతో నిలవచేసుకున్న చాలాచోట్ల పేరులోకి ఆ ఉప్పే ఎక్కడం నాకు చాలా ఇష్టమైన విషయం.

అయినా రెండూ ఒకటి కావు. ఉప్పు, పసుపు, కారం పట్టించి దండెం మీద ఎండబెట్టిన ఉప్పుకండను నానబెట్టి వండుకోవాలి. హామ్, సలామీలను పలుచగా కోయించుకుని అలాగే రొట్టెలో పెట్టుకుని తింటారు. అందువల్ల ఉప్పుకండ అంటే వినేవారికి వేరే వంటకం మనసులో మెదులుతుంది. నిలవ పచ్చడి అన్న మాట మనకు అలవాటే కనుక, నా మటుకు ‘నిలవ మాంసాలు’ అనడమే మేలనిపిస్తుంది. పచ్చి సాసేజ్‌లు కూడా స్మాల్‌గుడ్స్‌లోకే వస్తాయి కాబట్టి ఇది పూర్తిగా అతికే మాట కాదు. వాటిని సాసేజ్‌లనే చెప్పండి.

రాసేటప్పుడు ‘స్మాల్‌గుడ్సులు’ అనకండి; ‘చిప్స్ ఉన్నాయి’ అన్నట్టే ‘స్మాల్‌గుడ్స్ ఉన్నాయి’ అంటే చాలు. మరొక్క మాట: ఈ పదం ఏ జంతువు మాంసమో చెప్పదు. మీ అమ్మగారికి అది పందిదా, గొడ్డుదా, కోడిదా అన్నది కూడా తప్పక చెప్పండి.