రేవులో దిగాక దారి చూపేది కాగితమా, ఫోనా?

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు ఇటలీలో ఉంటారు. ఈ సెప్టెంబరులో మా దంపతులిద్దరినీ ఏడు రాత్రుల ఓడ ప్రయాణానికి పంపిస్తున్నారు. వెనిస్ చూసుకుని ఓడ ఎక్కి, దుబ్రోవ్నిక్, కోటోర్, సాంటొరినీల మీదుగా ఏథెన్స్ చేరుకుంటాం. రేవుల్లో ఏడెనిమిది గంటలు ఊరు చూసే వీలుంటుందట. ఓడవాళ్ళు ఏర్పాటు చేసే యాత్రలు ఖరీదైనవి కాబట్టి మేమే తిరుగుదామనుకుంటున్నాం. చేతిలో ఫోను ఉండగా కాగితాలెందుకని అల్లుడుగారు అంటున్నారు. తపాలా శాఖలో 38 ఏళ్ళు పనిచేసిన మావారు మాత్రం కాగితపు పటం లేనిదే కాలు కదపనంటున్నారు. ఎవరి మాట వినమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఈ ప్రయాణం వరకు మీవారి మాటే ముందు వినమంటాను. అల్లుడుగారి మాట కూడా తోసిపుచ్చవలసింది కాదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

హోటల్లో దిగి ఊరు చూసేవారికీ, ఓడ దిగి ఊరు చూసేవారికీ ఒక పెద్ద తేడా ఉంది. హోటల్ రాత్రి పదింటికైనా అక్కడే ఉంటుంది, ఓడ ఉండదు. సొంతంగా తిరగడానికి వెళ్ళినవారు రాలేదని ఓడ ఆగదు. అందువల్ల మీకు అడుగడుగునా కావలసింది ‘నేనిప్పుడు ఎక్కడున్నాను’ అన్న సమాచారం ఒక్కటే కాదు. తిరిగి చేరవలసిన చోటు ఏ దిక్కున ఉంది, ఎంత దూరం, మధ్యలో గోడ ఉందా, కాలువ ఉందా, మెట్లున్నాయా అన్నది కూడా. మొదటిదానికి ఫోను చక్కగా జవాబు చెబుతుంది. రెండోది అరచేతి వెడల్పు తెర మీద కుదరదు, ఎందుకంటే సందు కనిపించేలా పెద్దది చేస్తే రేవు తెర దాటి పోతుంది, రేవు కనిపించేలా చిన్నది చేస్తే సందు మాయమవుతుంది. పరిచిన కాగితం మీద రెండూ ఒక్క చూపులో ఉంటాయి. ‘తూర్పు వీధి’, ‘పడమటింటివాళ్ళు’ అని దిక్కులతో దారి చెప్పుకుంటూ పెరిగినవాళ్ళం మనం. ఆ అలవాటుకు కాగితం ఇట్టే అందుతుంది.

మీరు వెళ్ళే దుబ్రోవ్నిక్‌నే చూడండి. పెద్ద ఓడలు సాధారణంగా ఆగేది గ్రూజ్ రేవులో, కోటగోడల లోపలి పాత ఊరు అక్కడికి సుమారు 3 కిలోమీటర్లు. బస్సులో పడమటి ద్వారమైన పీలే దగ్గర దిగితే, లోపల స్ట్రాదూన్ అనే రాతి వీధి దాదాపు 300 మీటర్లు తిన్నగా సాగిపోతుంది. దానికి ఉత్తరాన ఉన్న సందులన్నీ కోటగోడ వైపు నిటారుగా ఎక్కే మెట్లు. ఫోను తెర మీద ఆ సందు చిన్న గీతలా కనబడి ‘రెండు నిమిషాలే కదా’ అనిపిస్తుంది, మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి ఆ రెండు నిమిషాలు ఇరవై అవుతాయి. మంచి కాగితపు పటంలో మెట్లను అడ్డగీతలతో చూపిస్తారు, కాబట్టి ఎక్కకముందే తెలుస్తుంది. అన్నట్టు, కొన్ని ఓడలు గ్రూజ్‌కు పోకుండా పాత ఊరి ఎదుట సముద్రంలోనే ఆగి పడవల్లో దింపుతాయి. మీ ఓడ ఏం చేస్తుందో ముందు రోజు రాత్రే అడిగి తెలుసుకోండి.

వెనిస్ సంగతి నా అనుభవంతో చెబుతాను. అక్కడ ఊరు ఆరు పేటలుగా ఉంటుంది. ఇళ్ళకు నంబర్లు వీధివారీగా కాక పేట మొత్తానికి వేస్తారు, అందువల్ల అవి వేలల్లోకి పోతాయి. కన్నరేజో పేటలో ఒక మధ్యాహ్నం ఫోనును నమ్ముకుని నడుస్తూ ఒక సందు చివరికి వచ్చాను. ఎదురుగా పాచిపట్టిన మూడు రాతిమెట్లు, వాటిని తాకుతూ ఆకుపచ్చటి నీళ్ళు. తెర మీద నేనున్నట్టు చూపే నీలం చుక్క మాత్రం కాలువ అవతల హాయిగా నిలబడి ఉంది. ఉపగ్రహాల సంకేతాలు ఎత్తయిన గోడలకు తగిలి చుట్టు తిరిగి ఫోనుకు చేరినప్పుడు, అది దూరాలు తప్పు లెక్కగట్టి చుక్కను పక్క సందులోకో, అవతలి గట్టుకో జరిపేస్తుంది. వెనక్కి వచ్చి మలుపులో పళ్ళమ్మే ఆవిడ ముందు కాగితపు పటం విప్పాను. ఆమెకు ఇంగ్లీషు రాదు, నాకు ఇటాలియన్ రాదు. తడి చేతిని ఏప్రానుకు తుడుచుకుని, బొటనవేలి గోటితో మేమున్న మలుపు నుంచి వంతెన దాకా మెల్లగా గీత గీసింది. పీచుపండు రసం మరక ఆ పటం మీద ఇప్పటికీ ఉంది. అపరిచితురాలి చేతికి ఫోను ఇవ్వడానికి నాకు మనసొప్పదు, ఆమెకూ తీసుకోవడానికి మొహమాటం. కాగితం మీదికి ఇద్దరం నిస్సంకోచంగా వంగగలిగాం.

వెనిస్ గురించి మరో మాట. 2021 ఆగస్టు నుంచి 25,000 టన్నులు దాటిన ఓడలను ఊరి నడుమ ఉన్న జుదెక్కా కాలువలోకి రానివ్వడం లేదు. టికెట్టు మీద ‘వెనిస్’ అని ఉన్నా ఓడ వెనిస్ ఎదుటి ప్రధాన భూభాగం మీదున్న మార్గేరాలోనో, వంద కిలోమీటర్లకు పైగా దూరమున్న రవెన్నాలోనో, త్రియెస్తేలోనో ఉండవచ్చు. మీ పటం మీద మొట్టమొదట గుర్తు పెట్టుకోవలసింది ఇదే.

సాంటొరినీలో ఓడ గట్టుకు రాదు. అగ్నిపర్వతం కూలి ఏర్పడిన లోతైన నీటిలో అది నిలిచి ఉంటుంది, పడవల్లో దింపుతారు. చాలామంది ఓడలో కూర్చునే ఫోనులో ‘ఇది మా ఓడ’ అని గుర్తు పెట్టుకుంటారు, సాయంత్రం ఆ గుర్తు వారిని సముద్రం మధ్యకు పిలుస్తుంది. గుర్తు పెట్టవలసింది పడవలు ఆగే గట్టుకు. అదీ దిగిన గట్టు కాదు, తిరిగి ఎక్కవలసిన గట్టు, ఎందుకంటే కొన్ని యాత్రలవారిని అథినియోస్ రేవులో దింపి, వెనక్కి మాత్రం ఫిరా ఊరి కింది పాత రేవు నుంచి ఎక్కించుకుంటారు. ఫిరా నుంచి ఆ రేవుకు పటంలో ఒక వేలెడు దూరమే, నిజానికి అది కొండచరియ. కేబుల్ కారు వరుసలో నిలబడాలి, లేదా 588 మెట్లు దిగాలి. నాలుగైదు ఓడలు వచ్చిన రోజున ఆ వరుస ఎంతసేపు పడుతుందో ఏ పటమూ చెప్పదు. కాబట్టి చేతిలో కనీసం రెండు గంటలు ఉంచుకుని ఆ వరుస దగ్గరికి చేరుకోండి.

ఇక అల్లుడుగారి పక్షం. కాగితం పాతబడుతుంది. 2022 అక్టోబరులో ఏథెన్స్ మెట్రో మూడో లైను, ఆ ఊరికి వచ్చే ఓడలు ఆగే పిరేయస్ రేవు దాకా వచ్చింది. అంతకుముందు అచ్చయిన పటం పట్టుకుంటే మీకు ఆకుపచ్చ రంగు ఒకటో లైను ఒక్కటే కనిపిస్తుంది. అలాంటి చోట, బస్సుల వేళల దగ్గర, ఏ స్మారకం ఎప్పుడు మూస్తారో తెలుసుకోవడంలో ఫోనుదే పైచేయి. అయితే దాన్ని ఇంటి దగ్గరే సిద్ధం చేయాలి. స్థానం కనుక్కోవడానికి ఫోనుకు నెట్ అక్కరలేదు, ఉపగ్రహాలు చాలు. పటం బొమ్మ మాత్రం ముందే దింపుకుని ఉండాలి. గూగుల్ మ్యాప్స్‌లో అలా దింపుకున్నా నెట్ లేనప్పుడు అది కారు దారే చెబుతుంది, నడక దారి చెప్పదు. ఆర్గానిక్ మ్యాప్స్ వంటివి నెట్ లేకుండానే నడక దారి కూడా చూపిస్తాయి, కాబట్టి అదీ ఒకటి పెట్టుకోండి. మీ అమ్మాయి ఇటలీ సిమ్ము ఇస్తే 2017 జూన్ 15 నాటి యూరోపియన్ యూనియన్ నిబంధన వల్ల దుబ్రోవ్నిక్ ఉన్న క్రొయేషియా, సాంటొరినీ ఉన్న గ్రీసులలో మామూలుగానే పనిచేస్తుంది, కానీ కోటోర్ ఉన్న మాంటెనెగ్రో యూరోపియన్ యూనియన్‌లో లేదు. అక్కడ డేటా ఆపేసుకోండి. ఓడ కదలగానే ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. నడిసముద్రంలో ఫోను తనంతట తానే ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌ను పట్టుకుంటే ఆ ఖర్చు చాలా రోమింగ్ ప్యాకుల్లోకి రాదు.

ఫోను గడియారాన్నీ నమ్మవద్దు. గ్రీసు సమయం ఇటలీ, క్రొయేషియా, మాంటెనెగ్రోల కంటే ఒక గంట ముందుంటుంది. ఫోను దానంతటదే ఊరి సమయానికి మారిపోతుంది, ఓడ మారవచ్చు, మారకపోవచ్చు. మీవారి చేతి గడియారాన్ని ఓడ సమయానికి తిప్పి ఉంచండి, దిగేముందు ఓడలోని గడియారంతో సరిచూసుకోండి.

ప్రశ్న: ఓడలో ఉచితంగా ఇచ్చే పటం చాలదా? కొనవలసి వస్తే మంచిదని ఎలా గుర్తుపట్టాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఓడలో చేతికిచ్చేది చాలాసార్లు దుకాణాల పటం. డబ్బు కట్టిన కొట్లు అందులో పెద్దగా ఉంటాయి, వీధులు కొలత లేకుండా వంకర్లు పోతాయి. పర్యాటక సమాచార కార్యాలయం రేవు దగ్గరే ఉంటే అక్కడిచ్చేది మేలు. ముందుగా స్కేలు చూడండి. 1:10,000 అని ఉంటే సెంటీమీటరుకు 100 మీటర్లు. గంటకు 4 కిలోమీటర్లు నడిచేవారికి అది నిమిషంన్నర. అంటే పటం మీద బెత్తెడు దూరం పది, పన్నెండు నిమిషాల నడక. స్కేలు, ఉత్తర దిక్కు గుర్తు లేని పటాన్ని నేను పట్టించుకోను. ఊరిపేర్లు అక్కడి లిపిలో కూడా ఉంటే గ్రీసులో బోర్డులతో పోల్చుకోవడం తేలికవుతుంది.

పటం వెనుక నీలం పెన్నుతో ఓడ పేరు, ఆగిన గట్టు, బస్సు నంబరు, ఓడ ఎక్కవలసిన వేళ, ఆ రేవులో ఓడ తరఫు ఏజెంటు ఫోను నంబరు రాసుకోండి. ఓడలో రోజూ ఇచ్చే కార్యక్రమ పత్రంలో ఈ వివరాలు సాధారణంగా ఉంటాయి. ఆలస్యమైతే మొట్టమొదట పిలవవలసింది ఆ ఏజెంటునే, ఆ నంబరు ఛార్జింగ్ అయిపోయిన ఫోనులో ఉండి ప్రయోజనం లేదు.

ప్రశ్న: జనంలో మేమిద్దరం విడిపోతే ఎలా? మా ఇద్దరికీ కలిపి ఒక్కటే స్మార్ట్ ఫోను.
– మరో పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఫోను ఒకరి దగ్గర ఉంటే పటం రెండోవారి దగ్గర ఉండాలి, వీలైతే పటాలు రెండు తీసుకోండి. ఊళ్ళోకి అడుగుపెట్టిన చోటే ‘తప్పిపోతే ఇక్కడ’ అని ఒక గుర్తును చూసుకుని, రెండింటి మీదా సున్నా చుట్టండి. తిరిగే బొమ్మలు, తోపుడుబండ్లు, గొడుగుల హోటళ్ళు పనికిరావు, కదలనిది కావాలి. దుబ్రోవ్నిక్‌లోనైతే పీలే ద్వారం దాటగానే 1438 నాటి ఒనోఫ్రియో ఫౌంటెన్ ఉంది. గుమ్మటంతో గుండ్రంగా ఉంటుంది, చుట్టూ 16 రాతి ముఖాల నోళ్ళలోంచి నీళ్ళు పడుతుంటాయి. అవి తాగే నీళ్ళే, కాబట్టి ముందు వచ్చినవారు సీసా నింపుకుని ఆ గట్టు మీద కూర్చోవచ్చు.