ఎన్నో నంబరు ఎగరేశారు?

అమ్మాయ్,

నీ కథ మంగళవారం అందింది. నాలుగో పేజీ దాకా చదివి, కాగితాలు మంచం మీద పడేసి, వీధి చివరిదాకా వెళ్ళి టీ తాగొచ్చాను. తర్వాత మిగతాది చదివాను. ఈ ఉత్తరంలో కాస్త కారం తగిలితే ఆ నాలుగో పేజీదే తప్పనుకో.

నీ నాలుగో పేజీలో 1977 నవంబరు 19, శనివారం. నాగాయలంక పక్కన ఒక ఊరు. పంచాయతీ రేడియోలో వార్తలు చదివే ఆయన “లైలా తుపాను తీరం వైపు దూసుకొస్తోంది” అంటాడు. అరుగు మీద కూర్చున్న ముసలాయన “లైలా అంటే చీకటిరా” అని నిట్టూరుస్తాడు.

ఆ రోజు దివిసీమ మీదికొచ్చిన దానికి పేరు లేదమ్మా. లైలా వచ్చింది 2010 మేలో, బాపట్ల దగ్గర. ఆ పేరిచ్చింది పాకిస్తాన్. మన సముద్రంలో తుపాన్లకి పేర్లు పెట్టడం మొదలైందే 2004లో. ఎనిమిది దేశాలు తలా ఎనిమిది పేర్లిచ్చి 64 పేర్ల జాబితా కట్టాయి. మొదటిది బంగ్లాదేశ్ వాళ్ళ ‘ఒనిల్’. మన అనిలమే, బెంగాలీ నోట్లో పడి ఆ రూపం తెచ్చుకుంది. ఇండియా ‘అగ్ని’ అనిస్తే వాళ్ళు ‘ఓగ్ని’ అనిచ్చారు. రెండూ జాబితాలో ఉన్నాయి, రెండూ వచ్చాయి. ఓగ్ని 2006 అక్టోబరులో మన తీరానికే వచ్చింది. ఆ 64 పేర్లు 2020లో అంఫాన్‌తో అయిపోయాయి. ఇప్పుడు పదమూడు దేశాలు, 169 పేర్లు. మూరెడు పొడుగు పేరు పనికిరాదు, ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు దాటకూడదు. రాజకీయం, మతం అంటకూడదు. ఎవరి మనసూ నొప్పించకూడదు. 2013లో శ్రీలంక ఇచ్చిన ‘మహాసేన్’ వాళ్ళ పాత రాజు పేరని అక్కడే గొడవైతే, దాన్ని తీసేసి ‘వియారు’ అన్నారు.

ఇది తారీఖు తప్పు. ఎర్ర ఇంకుతో కొట్టేసి ఊరుకోవచ్చు. కానీ నువ్వు అక్కడ పేరు ఎందుకు పెట్టావో నాకు అర్థమైంది, కోపం అందుకే వచ్చింది. పేరు పెట్టగానే తుపాను వచ్చేసినట్టే అనుకున్నావు. లైలా అన్నావు, చీకటి అన్నావు, నీ పని అయిపోయింది. గాలి ఏ మూల నుంచి తిరిగిందో రాయలేదు. కొబ్బరాకులు ఎటు వాలాయో రాయలేదు. ఉప్పునీరు బావిలోకి దిగాక ఆ ఊళ్ళో తాగడానికి ఏముందో రాయలేదు.

ఇంకో సంగతి. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, ఇన్ని మెట్లెక్కి గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకున్నాకే ఢిల్లీ వాతావరణ శాఖ జాబితా తీసి పేరు చదువుతుంది. వాయుగుండంగానే మిగిలిపోతే పేరే రాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది చూడు, సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో నానింది, ఆ వానలు తెచ్చింది ఒట్టి వాయుగుండం. దానికి పువ్వు పేరూ లేదు, పిట్ట పేరూ లేదు. మరి దాని మీద నువ్వు కథ ఎలా మొదలుపెడతావు?

మా వైపు వేటకెళ్ళేవాళ్ళు పేరు అడగరు. “ఎన్నో నంబరు ఎగరేశారు?” అంటారు. నిజాంపట్నం, మచిలీపట్నం, కాకినాడ, కళింగపట్నం, ఏ రేవులోనైనా తుపాను హెచ్చరిక నంబరు గురించి అదే ప్రశ్న. ఒకటి, రెండు అంటే ఎక్కడో దూరాన పుట్టింది. మూడు, నాలుగు అంటే ఇక్కడే గాలి. అయిదు నుంచి ఏడు దాకా ప్రమాదం. ఎనిమిది, తొమ్మిది అంటే పెనుగాలి రేవుకి ఈ పక్కనో ఆ పక్కనో దాటుతుంది. పది అంటే రేవు మీదకో, దానికి బాగా దగ్గరగానో వస్తోంది. పగలు స్తంభానికి పీపాల్లాంటివి, శంకువుల్లాంటివి కడతారు. రాత్రి ఎర్రవీ తెల్లవీ దీపాలు. చదువు రానివాడు కూడా చదివే రాత అది.

పది తర్వాత పదకొండు ఉంది, తెలుసా? పదకొండో నంబరు గాలి లెక్క కాదు. హెచ్చరికలు పంపే ఆఫీసుతో సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడ పరిస్థితి బాగా లేదు అని దానర్థం. అంటే ఇక కబురు రాదు, కబురు రాకపోవడమే కబురు. నాకైతే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ 169 పేర్లూ కలిపినా ఆ ఒక్క అంకెకి సాటి రావు.

1990 మేలో తుపాను కృష్ణాజిల్లా తీరాన్ని కొట్టినప్పుడు నేను రేపల్లెలో ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. కరెంటు లేని రాత్రుళ్ళు లాంతరు పెట్టుకుని ‘పదకొండో నంబరు’ అని కథ రాశాను. రేవులో దీపాలు మార్చే మనిషి కథ. మూడు పత్రికలు ‘స్థలాభావం’ అని తిప్పి పంపాయి. నాలుగో వారపత్రిక వేసింది. ఆ పత్రిక పేరెందుకులే, ఇప్పుడు లేదు. బస్టాండులో కొని పేజీ తిప్పితే పైన ‘కన్నెర్రజేసిన కడలికన్య’ అని ఉంది. సముద్రాన్ని నేను ‘అది’ అన్నచోటల్లా ‘ఆమె’ అని మార్చారు. జుట్టు విరబోసుకుందట, పమిట జారిందట! అమెరికా వాళ్ళు 1953 నుంచి తుపాన్లకి ఆడపేర్లే పెట్టి, ఆడవాళ్ళు గట్టిగా అడిగాక 1979 నుంచి అట్లాంటిక్‌లో మగపేర్లు కూడా కలిపారు. పదకొండేళ్ళయినా ఆ ముక్క మా ఎడిటరుగారి చెవిన పడలేదు. పారితోషికం మనియార్డరు కోసం ఇప్పటికీ పోస్ట్‌మాన్‌ని చూస్తూనే ఉన్నాను.

ఇప్పుడు ఫ్యాషన్ ఇంకోరకం. తుపాను పేరే కథకి పేరు. ఒకే తుపాను ఒక పేపర్లో మిచౌంగ్, ఒక చానెల్లో మిగ్‌జాం, కథకుడు తనకి నచ్చింది ఏరుకుంటాడు. బర్మా మాటని మనం ఎలా పలికితే ఏం గానీ, ఆ కథల్లో బాపట్ల రైతు తడిసిన ధాన్యం కుప్ప పక్కన నిలబడి “మిగ్‌జాం నన్ను ముంచింది” అంటాడు! 2023 డిసెంబరులో నేను కలిసిన ఏ రైతూ అలా అనలేదు. “మొన్నటి గాలివాన” అన్నాడు.

జపాన్ వాళ్ళని చూడు. ఏటా జనవరి నుంచి లెక్క మొదలుపెట్టి ఒకటో నంబరు తుపాను, రెండో నంబరు తుపాను అంటారు. 2019లో లోకమంతా హగిబిస్ అన్నదాన్ని వాళ్ళు పందొమ్మిదో నంబరు అన్నారు. 1959లో 5 వేల మందికి పైగా చనిపోయిన దాన్ని లోకం వెరా అంటే వాళ్ళు ‘ఇసే అఖాతం తుపాను’ అన్నారు. దెబ్బ ఎక్కడ తగిలిందో ఆ చోటి పేరు. మనమూ అంతే కదా, దివిసీమ ఉప్పెన అంటాం. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు 10 వేల మంది పోయారు, ఏ దేశమూ దానికి పేరు పంపలేదు, ఇప్పటికీ ఎవరూ మర్చిపోలేదు. కోనసీమలో ‘96 తుపాను’ అంటే చాలు. అమెరికా నౌకాదళం వాళ్ళ పుస్తకంలో అది 07బి. ఆ ఏడాది లెక్కలో ఏడోది, బి అంటే బంగాళాఖాతం. వాళ్ళకది చాలు. అంతర్వేదిలో కొబ్బరి చెట్లు పోయినవాడికి ఆ అంకెతో పని లేదు.

విశాఖ వాళ్ళు నా మీదికి వస్తారని తెలుసు. అక్కడ హుద్‌హుద్ నిజంగానే జనం నోట్లో నిలిచింది. ఒమన్ ఇచ్చిన పిట్ట పేరు. 2014 అక్టోబరు 12 తర్వాత ఆ ఊళ్ళో చెట్ల వయసు దాన్నిబట్టే చెబుతారు. సరే, ఒప్పుకున్నాను. కానీ అది జనం అరగదీసి సొంతం చేసుకున్న పేరు. నువ్వు జాబితాలోంచి ఎత్తుకొచ్చిన పేరు కాదు.

నీకు నిజంగా పేరు మీద కథ రాయాలనుంటే ఒకటి చెబుతాను, నేను రాయలేక వదిలేశాను. 2021 సెప్టెంబరులో గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది. తెలంగాణ, మహారాష్ట్ర మీదుగా నీరసించి అరేబియా సముద్రంలో పడి, అక్కడ మళ్ళీ ఊపిరి పోసుకుంది. పాత పేరు చెల్లదన్నారు. వరసలో ఉన్న షహీన్ ఇచ్చారు, ఖతార్ పేరు, డేగ అని అర్థం. గులాబీ డేగ అయింది. అక్టోబరులో ఒమన్ మీద పడింది. శ్రీకాకుళం నుంచి మస్కట్‌కి పనికెళ్ళిన మనిషి ఒకడు ఇక్కడా అక్కడా అదే గాలికి తడిశాడనుకో. ఎక్కడిదాకా తీసుకెళ్తావో చూద్దాం.

నీ కథలో నన్ను ఆపిన వాక్యం ఒకటుంది. నీళ్ళు గుమ్మం దాటాక నాయనమ్మ “గొడ్ల తలుగులు విప్పెయ్యండ్రా” అని అరుస్తుంది. అది విన్న మాట, అల్లిన మాట కాదు. ఆవిడ బతికే ఉందా? పోటీకి పంపాలా వద్దా, యాసలో రాయాలా అని అడిగావు, అవి తర్వాత చూద్దాం. కథ నిండా నాయనమ్మ, నాయనమ్మ అనే ఉంది. తుపానుకి పేరు పెట్టావు, ఆవిడకి పెట్టలేదు.

నాలుగో పేజీ తిరగరాసి పంపు. ఆవిడ ఉంటే, ఆ శనివారం పొద్దున ఇంట్లో ఏం వండారో అడుగు. ఆవిడ పేరు కూడా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు