సీసం పనికీ కొలెస్ట్రాల్‌కీ లంకె ఉందా?

ప్రశ్న: మా వారికి 46 ఏళ్లు. ఆటోనగర్‌లో పాత లారీ బ్యాటరీలు విప్పి, ప్లేట్ల సీసం కరిగించే షాపులో చిన్న వయసు నుంచే పని. మాంసం ముట్టరు, సిగరెట్ అలవాటు లేదు. అయినా మొన్న పరీక్షలో కొలెస్ట్రాల్ 262, బీపీ 154/98 వచ్చాయి. ఇదంతా సీసం వల్లేననీ, ఒంట్లోంచి సీసాన్ని లాగేసే చిలేషన్ సెలైన్లు ఎక్కిస్తే రక్తనాళాలు శుభ్రమవుతాయనీ ఒక క్లినిక్‌లో ప్యాకేజీ చెప్పారు. బంగారం తాకట్టు పెట్టి కట్టమంటారా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వద్దమ్మా, బంగారం బీరువాలోనే ఉంచండి.

సీసాన్ని అనుమానించడం మాత్రం సబబే. గుండెజబ్బుకు దారితీసే కారణాల్లో సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ కూడా ఉన్నాయని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లో స్పష్టంగా చెప్పింది. అయితే కొలెస్ట్రాల్ అంకెను సీసం ఎంత పెంచుతుందన్న దాని మీద అధ్యయనాలు ఒక మాట మీద లేవు. కొన్నింటిలో చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ కాస్త ఎక్కువగా కనిపించింది, కొన్నింటిలో తేడా లేదు. శాకాహారం కదా అని ధీమా పడకండి. కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన కాలేయమే తయారు చేస్తుంది. థైరాయిడ్, షుగర్ కూడా ఒకసారి చూపించండి.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఆ బీపీ. రక్తనాళం గోడ వదులుగా ఉండటానికి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు కావాలి. సీసం దాన్ని దక్కనివ్వదు, పైగా కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. దాంతో బీపీ ఎక్కుతుంది. ఇంకొకటి, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌తో పాటు పారాక్సొనేజ్ అనే ఎంజైమ్ తిరుగుతూ, ఎల్‌డీఎల్‌కు తుప్పు పట్టకుండా కాస్తుంది. సీసం ఆ ఎంజైమ్‌నూ మందగింపజేస్తుంది. తుప్పు పట్టిన ఎల్‌డీఎల్లే గోడలో చేరి పూడిక అవుతుంది. అందుకే రిపోర్టులో అంకె పెరగకపోయినా నాళానికి నష్టం జరగవచ్చు.

ఇక చిలేషన్. గుండెపోటు వచ్చిన షుగర్ రోగులకు దీంతో మేలు జరిగినట్టు 2013లో ఒక పెద్ద ప్రయోగంలో కనిపించింది. అదే ప్రయోగాన్ని వెయ్యి మంది దాకా అలాంటి రోగుల మీద మళ్లీ చేసి 2024లో ఫలితం చెప్పారు. వారానికొకటి చొప్పున 40 సెలైన్ల దాకా ఎక్కించారు. రక్తంలో సీసం 61 శాతం తగ్గింది, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. సీసం ప్రమాదకరంగా పెరిగిన వాళ్లకు ఆసుపత్రిలో చేసే చిలేషన్ వేరే సంగతి. పగలంతా సీసం పొగ పీలుస్తూ సాయంత్రం సెలైన్ ఎక్కించుకోవడంలో అర్థం లేదు.

ముందు రక్తంలో సీసం పరీక్ష చేయించండి. సీసాన్ని మూత్రంలోకి లాగే మందిచ్చి, తర్వాత మూత్రంలో సీసం చూపించి భయపెట్టే చోట్లున్నాయి, అలాంటి రిపోర్టును నమ్మొద్దు. రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలి. 60 దాటితే అమెరికాలో ఆ మనిషిని చట్టప్రకారం ఆ పని నుంచి తప్పిస్తారు. రక్తం చెప్పేది ఈమధ్య నెలల సంగతే. శరీరం సీసాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాస్తుంది, అది ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. కాబట్టి పరీక్ష బాగున్నా బీపీ, కొలెస్ట్రాల్ మందులు మానకూడదు. అవి బాగా పనిచేసే మందులు, ఖరీదూ తక్కువే.

షాపు యజమానితో మాట్లాడి కరిగించే చోట పొగ బయటికి లాగే ఏర్పాటు, సరైన మాస్కు అడగమనండి. చేతిరుమాలు కట్టుకుంటే సీసం పొగ ఆగదు. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. టీ అయినా చేతులు సబ్బుతో కడుక్కునే తాగాలి. అక్కడ బీడీ కాల్చేవాళ్లుంటే వాళ్లకూ చెప్పమనండి: పొగాకులో కాడ్మియం ఉంటుంది, చేతికంటిన సీసం బీడీతో పాటు నోట్లోకి పోతుంది.

మీ ఉత్తరంలో పిల్లల ఊసు లేదు. ఇంట్లో పసివాళ్లుంటే వాళ్లకూ ఇదే పరీక్ష చేయించండి, పెద్దవాళ్లను ఏమీ చేయనంత సీసం కూడా వాళ్ల మెదడు ఎదుగుదలకు చేటు. ఆయన స్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోవాలి. పని బట్టలు మిగతావాటితో కలపకుండా విడిగా ఉతకండి.